తవిటమ్మ అభ్యంతరం

కళింగపట్నం
5 జనవరి 2026, సోమవారం

చెల్లి కుసుమకుమారికి, ఈ కొత్త సంవత్సరంలోకి కూడా దేవుడు ఎలాగో లాక్కొచ్చి పడేసిన నీ అప్ప తవిటమ్మ రాస్తున్నది.

ముందు ఇది చెప్పు. నీ మోకాలు ఎలా ఉంది? రాత్రిపూట గ్యాసు బండ ఆపుతున్నావా? స్టేషను రోడ్డులో నీ ఇడ్లీ బండి పక్కనుంచే లారీలు పోతాయి కదా, నువ్వు రోడ్డు వైపు వీపు పెట్టి నిలబడకు. ఇవన్నీ ఫోనులో అడగొచ్చు కదా అంటాడు నా కొడుకు నాగబాబు. వాడికేం, వాడి చెవులు మంచివి. నా చెవి మిషను పెట్టుకుంటే అది కూస్తుంది, తీసేస్తే నువ్వు కూసినా వినబడదు. అందుకే ఈ కాగితాలు.

మొదటి తారీకు ఆరాధనలో మా కొత్త పాస్టరు పృథ్వీరాజ్ గారు కాలం గురించి ప్రసంగం చెప్పారు. కుర్రాడే గాని బాగా చెబుతాడు. కాలం మనది కాదట, దేవుడిదట. ఆయన పొద్దున్నే ఒక రోజు మన చేతిలో పెట్టి, దీంతో ఈవిడ ఏం చేస్తుందో చూద్దాం అని చూస్తుంటాడట. అంతటితో ఊరుకోకుండా, నిన్నటి రోజు ఎలా గడిపారో ఒక్కొక్కరూ లేచి చెప్పమన్నారు. నేను ముందు బెంచీలో కూర్చుంటాను కదా, మొదట నన్నే లేపారు.

అబద్ధం ఆడకూడదు కదా. ఉన్నది చెప్పాను.

"పొద్దుట లేసి, మావోడు యేటకెల్లినాడు, సముద్రం ఎలగుందోనని బెంగెట్టుకున్నాను బాబూ. ఆడు ఒడ్డుకొచ్చీసినాడు. రేపు మళ్లీ ఎల్తాడు కదాని బెంగెట్టుకున్నాను. మజ్జాన్నం నెత్తళ్ల సేపలు ఇసక మీద ఎండెట్టీసి, కుక్కలు తినీస్తాయేమోనని గదిలోకెల్లి మోకాళ్ల మీద పడి పార్దన సేసినాను."

"మరి కుక్కలు రాలేదా అమ్మా?" అన్నారు పాస్టరు గారు.

"నాను లోపల పార్దన్లో ఉన్నప్పుడే వొచ్చి తినీసి ఎల్లిపోనాయి."

చర్చి అంతా ఒకటే నవ్వు. పాస్టరు గారు తల దించుకొని నవ్వారు. ఆరాధన అయ్యాక ఆయన భార్య అరుణశ్రీ నా చేయి పట్టుకుంది. "తవిటమ్మ గారూ, బెంగకి రోజుకి ఒక గంట ఇవ్వండి, చాలు. నాలుగు నుంచి ఐదు. ఆ గంటలో ఉన్నవన్నీ దేవుడికి చెప్పేసి, చీర దులుపుకొని లేచిపోండి. మిగతా రోజు పనికీ మనుషులకీ ఉంచండి" అంది.

అలాగే చేస్తున్నాను. మొదటి రోజు మూడున్నరకే వెళ్లి కూర్చున్నాను. రెండో రోజు సగం గంటకే బెంగలు అయిపోయాయి. ఇక ఏం చెయ్యాలో తోచక పక్కింటి తులసిని పిలిచి దాని బెంగలు కూడా నేనే పడ్డాను. అది చేపల గంప ఎత్తుకొని ఊళ్లు తిరిగే పిల్ల, మన చర్చి మనిషి కాదు. అయినా రోజూ నాలుగింటికి వచ్చి మెట్ల మీద కూర్చుంటోంది. బెంగ సంగతి ఎలా ఉన్నా, ఆ గంట మేం నవ్వుతున్నదే ఎక్కువ.

ఇంకా రాద్దును గాని నాలుగు అవుతోంది. నీ పేరుతోనే మొదలుపెడతాను.

నీ అప్ప
తవిటమ్మ


నౌపడ
10 జనవరి

నన్ను చంకలో వేసుకొని పెంచిన అప్పకు, ఇప్పటికీ దిగనంటున్న కుసుమ వందనాలు.

నీ ఉత్తరం చదివి నవ్వుతుంటే ఇడ్లీ రేకులు మాడిపోయాయి. లారీల వైపు వీపు పెట్టడం లేదు. మోకాలు ఉన్నచోటే ఉంది.

అప్పా, మీ పాస్టరు గారు చెప్పిన మాటే కొన్నాళ్లుగా నా మనసులోనూ తిరుగుతోంది. నాకూ యాభై ఎనిమిది వచ్చాయి. ఇంకెంత కాలం ఉందో ఆయనకే తెలుసు. ఉన్నదాన్ని ఇక పోగొట్టుకోకూడదని ఒక నిర్ణయానికి వచ్చాను. అదేమిటో కాగితం మీద రాయడానికి చేయి రావడం లేదు. ఫోనులో నీకు వినబడేలా చెప్పాలంటే రైల్వే గేటు దాకా వినబడుతుంది. నువ్వే ఒకసారి వచ్చి వెళ్లు. నీ మొహం చూసి చెబుతాను.

ఇల్లు ఖాళీ చేస్తున్నాను. సామాను తలా ఒకరికి ఇచ్చేస్తున్నాను. అమ్మ ఇత్తడి బిందె నీకే పంపిస్తాను. ఇడ్లీ బండి మా సందు చివరి పిల్లకి అప్పగిస్తున్నాను. మా చర్చి కాపరి గారు ఇంటికే వచ్చి ప్రార్థన చేసి వెళ్లారు. మా సంఘంలో సూరయ్య గారని ఉన్నారు, ఉప్పు మళ్లలో మేస్త్రీ. భార్య పోయి చాలా ఏళ్లయింది. పాట పాడితే ఆయన ఒక దారి, మిగతా చర్చి అంతా ఒక దారి. ఆయన రోజూ వచ్చి కనిపెట్టుకొని ఉంటున్నారు. నేను ఒంటరిగా ఉండకూడదని అందరూ అంటున్నారు.

ఒక తెల్లచీర కూడా తీసుకున్నాను అప్పా. సన్నని జరీ అంచు. అందులో నన్ను చూసి నువ్వు ఏడుస్తావో నవ్వుతావో.

నాకు భయం లేదు. మనసు తేలిగ్గా ఉంది. ఆయన చిత్తం ఎలా ఉంటే అలా.

త్వరగా వస్తావని చూస్తుంటాను.
కుసుమ


కళింగపట్నం
16 జనవరి, శుక్రవారం

నా చిట్టి చెల్లీ, నా బంగారూ,

నీ ఉత్తరం మంగళవారం పదకొండు గంటలకి వచ్చింది. నాలుగు వరకు ఆగుదామని చూశాను. అరుణశ్రీ గారికి మాట ఇచ్చాను కదా. గడియారం ముందు కూర్చుని పళ్లు బిగబట్టాను. పన్నెండుకి నా వల్ల కాలేదు. ఏడ్చేశాను. దేవుడు క్షమిస్తాడు, ఇలాంటి ఉత్తరం చెల్లెలి దగ్గర్నుంచి వస్తే ఆయనా ఆగలేడు.

ఇల్లు ఖాళీ చేయడం, బిందె పంపడం, కాపరి గారు ఇంటికి రావడం, ఆ తెల్లచీర. నాకు అన్నీ అర్థమయ్యాయి. మన అమ్మ కూడా చివర్లో ఇలాగే పెట్టె తెరిచి ఒక్కొక్కటి తీసి పంచింది. నువ్వు చిన్నదానివి, నీకు గుర్తుండదు. అది ఏమిటో పేరు నేను రాయను, నువ్వూ రాయకు. పేరు పెట్టి పిలిస్తే అలాంటివి ఇంట్లోనే కూర్చుండిపోతాయి.

భయం లేదని రాశావే. నాకుంది. నీ వాటా కూడా నేనే పడుతున్నాను.

చర్చిలో చెప్పాను. పేరు చెప్పకుండా, మా చెల్లికి పెద్ద గండం వచ్చింది అన్నాను. ఇవాళ ఆడవాళ్లమంతా ఉపవాసం ఉన్నాం. ఈ గండం నీ మీద నుంచి తొలగిపోవాలని, నీ గుమ్మం దాటి లోపలికి రాకూడదని, వచ్చినది వచ్చిన దారినే పోవాలని, సాయంత్రం దాకా మోకాళ్ల మీదే ఉన్నాం. తులసి కూడా ఒక పూట మానేసింది. "నాను మీ దేవుడికి తెల్దు గాని, నువ్వు సెప్పప్పా, తులసి కూడా తిన్లేదని" అంది.

నువ్వు ఏ నిర్ణయమూ తీసుకోకు. చిత్తం చిత్తం అని చేతులు కట్టుకొని కూర్చోకు, ఎదురు నిలబడు. ఆ సూరయ్య గారు రోజూ వచ్చి కూర్చుంటే ఏం లాభం? అందరూ జాలిపడి తోడు కూర్చునేవాళ్లే, దాన్ని తరిమేవాళ్లు ఒక్కరూ లేరా అక్కడ? నాగబాబు వేటకి వెళ్లి వస్తున్నాడు, పురుడొచ్చిన కోడలికి నీళ్లు పోసే రోజులు దగ్గరకొచ్చాయి, నెలాఖరుకి గాని కదల్లేను. ఈలోపు తెల్లచీర అడుగున పెట్టెయ్యి. కంటికి కనబడనీకు.

నీ కోసం తినని
నీ అప్ప


నౌపడ
22 జనవరి

తవిటమ్మ అప్పకు,

నీ ఉత్తరం మూడు రోజుల కిందట వచ్చింది. రాయాలా వద్దా అని ఇన్నాళ్లు ఆగాను.

నీకు అర్థమైపోయింది అని చదివి మొదట ఎగిరి గంతేశాను. హమ్మయ్య, చెప్పే బాధ తప్పింది అనుకున్నాను. తరవాత వాక్యం చదివాను. గండమా? ఊరంతా ఉపవాసమా? గుమ్మం దాటి లోపలికి రాకూడదా? ఆ మనిషి నీకేం చేశాడు అప్పా? పాపం ఆయన గుమ్మం దాకా వచ్చి, చెప్పులు విప్పి, నేను రమ్మనేదాకా బయటే నిలబడతాడు. తరమమని రాశావు, ఎలా తరమను? అప్పడాలు ఎండబెడుతుంటే కాకుల్ని తోలిపెట్టే మనిషిని?

ఇంకొకళ్లు నవ్వితే నవ్వుకోనీ అనుకున్నాను. ముప్పై రెండేళ్లు ఒంటరిగా ఉన్నాను. నా మొగుడు పోయిననాడు నా పక్కన పడుకొని నన్ను పట్టుకున్నదానివి నువ్వు. నువ్వు నవ్వినా పోనీ అనుకున్నాను. నువ్వు నాకు విరోధంగా మోకాళ్లూనుతావని మాత్రం అనుకోలేదు.

సూటిగానే రాస్తున్నాను, మళ్లీ అర్థం కాలేదనకు. నేనూ సూరయ్య గారూ పెళ్లి చేసుకుంటున్నాం. ఈస్టరు ముందు నలభై శ్రమల దినాలు మొదలయ్యేలోపు, ఆ రోజుల్లో పెళ్లిళ్లు చెయ్యరు కదా. ఈ ఆదివారం నుంచి మూడు ఆదివారాలు చర్చిలో పెళ్లి ప్రకటన. నేను పుట్టి బాప్తీస్మం పొందింది మీ సంఘంలో కాబట్టి అక్కడ కూడా చదవాలని మా కాపరి గారు మీ పాస్టరు గారికి రాశారు. అభ్యంతరం ఉన్నవాళ్లు లేచి చెప్పొచ్చు. నీకు కష్టంగా ఉంటే ఆ రోజు చర్చికి వెళ్లకు. లేచి నిలబడేటంత పని మాత్రం నువ్వు చెయ్యవని నాకు తెలుసు.

కుసుమ


కళింగపట్నం
25 జనవరి, ఆదివారం సాయంత్రం

చెల్లీ,

నేను ఒక పని చేశాను. తొందరగా రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు.

ఆరాధన చివర్లో పాస్టరు గారు ఒక కాగితం తీశారు. నౌపడ ఉప్పు మళ్ల మేస్త్రీ సూరయ్యకూ, మన సంఘంలో పుట్టిన కుసుమకుమారికీ వివాహం జరగబోతోందని చదివారు. చెవి మిషను కూడా ఆ పూట కూయలేదు, ప్రతి మాటా శుభ్రంగా వినబడింది. ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పాలి అన్నారు. నాకు ఏమైందో తెలీదు చెల్లీ. కాళ్లే లేచాయి.

"ఆగండయ్యా! ఆ మనిషి సచ్చిపోతంటే పెల్లేటి?" అన్నాను.

చర్చి అంతా బిగుసుకుపోయింది. పాస్టరు గారు చేతిలో కాగితాన్ని తిరగేసి చూశారు. ఆయన సేవలోకి వచ్చాక ఇంతవరకు ఏ పెళ్లికీ ఎవరూ లేవలేదట. ఎవరైనా లేస్తే ఏం చెయ్యాలో ఆయనకి తెలీదు. "అమ్మా, మీరు... నిజంగానే అభ్యంతరం చెబుతున్నారా?" అన్నారు.

"సెప్తాను బాబూ! వారం కిందటే దాని కోసం అందరం పస్తున్నాం కదా! నీ బారియ కూడా పస్తున్నాది, అడుగు!"

అరుణశ్రీ గారు మొహం చీర కొంగులో దాచుకుంది. ఏడుస్తోంది అనుకున్నాను.

లేచి చెప్పిన అభ్యంతరాన్ని అవతలి సంఘానికి తెలియజేయాలట, అది నియమమట. గుమ్మం దిగుతూనే ఆయన నౌపడకి ఫోను కొట్టేశారు. పెళ్లికూతురి సొంత అప్పే లేచింది అని చెప్పేశారు. ఇప్పుడు అక్కడ ప్రకటన ఆగిపోయింది అంటున్నారు.

నాకు ఒక్క సంగతి బోధపడటం లేదు. నువ్వు ఆ స్థితిలో ఉన్నావని తెలిసీ ఆ సూరయ్య గారు చేసుకుంటానంటున్నాడా? మూణ్ణాళ్లయినా నీకు సేవ చేద్దామనా? అయితే ఆయన మనిషి కాదు, దేవదూత. లేకపోతే పిచ్చివాడు. ఇద్దరిలో ఎవరైనా సరే, నేను లేచి ఆయన పరువు తీశాను. నాగబాబు వలలు చిక్కు తీస్తూ, "సిన్నమ్మకి పెల్లి సెడగొట్టీసినావేటే అమ్మా" అని పొట్ట పట్టుకొని నవ్వుతున్నాడు. వాడికి నవ్వెలా వస్తోందో.

రేపు సెలవట, టపా ఉండదట. దీన్ని బస్సు మీద వచ్చే మనిషి చేతికిచ్చి పంపిస్తాను. ఇప్పుడైనా ఆ రోగం పేరు చెప్పు. పేరు రాస్తే అది వచ్చి కూర్చుంటుందన్నాను కదా, కూర్చుంటే కూర్చోనీ.

తప్పు చేశానో ఒప్పు చేశానో తెలియని
అప్ప


కళింగపట్నం
27 జనవరి

ఒసే కుసుమా!

నీకు ఏ రోగమూ లేదా?

నువ్వు ఇరవై రెండున రాసిన ఉత్తరం ఇవాళ ఇచ్చాడు పోస్టుమాను. గుమ్మంలో నిలబడే చదివాను. మొదటిసారి చదివి మెట్ల మీద కూలబడ్డాను. రెండోసారి చదివి నవ్వాను. మూడోసారి తులసికి చదివి వినిపించాను. అది గంప దించేసి, "ఆగప్పా, ఆగు. అంటే మనం పస్తుండి పెల్లికొడుకుని తోలీమన్నామా?" అంది. అన్నాం. "నాను ఒక పూట మానీసింది పెల్లికొడుకు రాకుండానా?" అంది. అవును అన్నాను. అది మెట్ల మీద పడి దొర్లింది. ఆ నవ్వుకి చుట్టుపక్కల ఇళ్లవాళ్లు వచ్చారు. నాలుగు గంటలు కూడా కాలేదు.

నా బంగారూ, యాభై ఎనిమిదేళ్ల మనిషి తెల్లచీర తీసుకున్నానంటే నా బుర్ర శవపెట్టె దగ్గరికే పోయింది గాని, పెళ్లి పీట దగ్గరికి పోలేదు. అది నా బుర్ర తప్పు. దేవుడి ఇంట్లో రెండింటికీ తెల్లచీరే మరి. ఇన్నేళ్లూ చెడ్డవైపే తిరిగి తిరిగి దానికి అదే దారి అలవాటయింది.

పాస్టరు గారి దగ్గరికి పరిగెత్తాను. నేను పరిగెత్తడం ఊరంతా చూసింది. లేచిన చోటే, ఆ నోటితోనే, సంఘం ముందు వెనక్కి తీసుకోవాలి అన్నారు. వచ్చే ఆదివారం తీసుకుంటాను. ఆ రోజే మొదటి ప్రకటన అనుకుంటే ఫిబ్రవరి పదిహేనుకి మూడూ పూర్తవుతాయి. పదహారు సోమవారం. శ్రమల దినాలు బుధవారం నుంచి. సందు ఉంది చెల్లీ, ఇరుకుగా ఉంది గాని ఉంది!

కాకుల్ని తోలే మనిషికి నా క్షమాపణ చెప్పు.

సిగ్గుపడుతూ, ఆనందపడుతూ
నీ అప్ప


నౌపడ
31 జనవరి

అప్పా,

నీ రెండు ఉత్తరాలూ ఒకదాని వెంట ఒకటి అందాయి. సచ్చిపోతంటే పెల్లేటి అన్నావా! పిండి రుబ్బుతూ గుర్తొచ్చి ఒక్కదాన్నే నవ్వుతుంటే, ఈవిడకి నిజంగానే ఏదో వచ్చిందని సందు చివరి పిల్ల భయపడింది. కోపం ఎటుపోయిందో ఎంత వెతికినా దొరకలేదు.

కానీ ఒక మాట. మీ పాస్టరు గారు ఫోను చేసిన ఆదివారం నేను చాలా ఏడ్చాను. ఏడ్చి ఏడ్చి లేచి మొహం కడుక్కున్నాక, లోపల ఎక్కడో హాయిగా అనిపించింది అప్పా. పరీక్ష వాయిదా పడినట్టు. ఇక చర్చి గుమ్మంలోంచి అందరి కళ్లముందు నడవక్కర్లేదు కదా, ఇంకో మనిషి వంటింట్లో కొత్తగా పొయ్యి వెలిగించక్కర్లేదు కదా అని. మా అప్పకి ఇష్టం లేదని చెప్పుకుంటే నన్నెవరూ ఏమీ అనరు.

సూరయ్య గారికి అదే చెప్పాను. తొందరేం లేదు, ఈస్టరు తరవాత చూద్దాం, లేకపోతే వచ్చే ఏడు అన్నాను. ఆయన చెప్పులు వేసుకొని మళ్లకి వెళ్లిపోయారు. ఆ రోజు నుంచి ఇటు రాలేదు.

నువ్వు అభ్యంతరం తీసేసుకో, ఫరవాలేదు. పెళ్లి మాత్రం కాస్త ఆగనీ. ఇన్నాళ్లు ఆగినది ఇంకొన్నాళ్లు ఆగలేదా?

నీ పిరికి చెల్లి
కుసుమ


కళింగపట్నం
4 ఫిబ్రవరి

కుసుమా,

ఆదివారం తీసేసుకున్నాను. ముందు అది విను. పాస్టరు గారు ప్రకటన మళ్లీ చదివి, అభ్యంతరం అన్న మాట దగ్గర ఆగి, నా వైపు చూశారు. చర్చి అంతా నా వైపే చూసింది. ఎప్పుడూ రానివాళ్లు కూడా ఆ రోజు వచ్చారు. తులసి బయట కిటికీ పట్టుకొని నిలబడింది. నేను లేచాను.

"నా సెల్లికి ఏ రోగమూ లేదు. రోగం నా బుర్రకే. నాను అన్నమాట నాను మింగీస్తన్నాను" అన్నాను.

కిటికీ దగ్గర్నుంచి, "నాను మానీసిన పూట కూడా ఎనక్కి తీసీసుకుంటన్నానని సెప్పప్పా!" అని వినబడింది. ఆ తరవాత ప్రార్థన చేద్దామంటే పాస్టరు గారికి ఊపిరి అందలేదు. దేవుడు కూడా ఆ పూట తల దించుకొని నవ్వి ఉంటాడు.

ఇంటికి వచ్చి చాలా సంతోషంగా ఉన్నాను. నిన్న నీ ఉత్తరం వచ్చింది.

ఇప్పుడు నేను గట్టిగా మాట్లాడతాను. నీకు చెవి బాగానే వినబడుతుంది కాబట్టి విను. నా భయం నాకు చాలు. నీ భయానికి నన్ను చాటు చేసుకోకు. నా అభ్యంతరం చచ్చిపోయింది, దాన్ని తెచ్చి నీ గుమ్మంలో కూర్చోబెట్టుకోవద్దు.

కాలాన్ని జాగ్రత్తగా వాడమంటే ఏమిటో నాకు ఇన్నాళ్లూ తెలీదు. గబగబా పనిచెయ్యడం అనుకున్నాను. గడియారం చూసి బెంగపడటం అనుకున్నాను. నెత్తళ్లు చూడు. ఎండలో వేసి, మబ్బు వస్తుందేమోనని తీసి, మబ్బు రాలేదని మళ్లీ వేసి, మళ్లీ తీసి, ఇలా ఎన్నిసార్లు చేశానో. ఆ చేప ఎండనూ లేదు, పచ్చిగానూ లేదు, కంపు కొట్టింది. పక్కన తులసి ఒక్కసారి వేసింది, దేవుడా నీదే భారం అంది, సాయంత్రానికి ఎత్తుకుంది. దాని దేవుడు వేరు గాని చేసిన పని సరైనది. కాలం ఇచ్చినవాడిని నమ్మనిదాని చేతిలో కాలం అలా కంపు కొడుతుంది చెల్లీ. నా అరవై తొమ్మిదేళ్లలో ఎంత అలా పోయిందో నాకు తెలుసు.

ఈస్టరు తరవాత నీదని ఎవరు చెప్పారు? వచ్చే ఏడు నీదని దేవుడు నీకు ఎప్పుడు మాట ఇచ్చాడు? ఆయన ఇచ్చింది ఈ పూట. ఈ పూట ఆ మనిషి మళ్లలో ఉన్నాడు, నువ్వు ఇంట్లో ఉన్నావు. వెళ్లి చెప్పు. వద్దనుకుంటే వద్దని చెప్పు, అదీ మంచిదే. కానీ నీ నోటితో చెప్పు, నా పేరుతో కాదు.

నాకు ఈ ఉత్తరం రాస్తుంటే ఒక్క బెంగా రాలేదు. అదొక్కటే కాస్త బెంగగా ఉంది.

అప్ప


నౌపడ
7 ఫిబ్రవరి, శనివారం

అప్పా అప్పా అప్పా,

నిన్న మధ్యాహ్నం నీ ఉత్తరం వచ్చింది. చదివి, మడిచి, తలుపు గొళ్లెం పెట్టి, ఉప్పు మళ్లకి నడిచాను. ఆలోచిస్తే ఆగిపోతానని పాట పాడుకుంటూ నడిచాను.

మడి అడుగు తొక్కి గట్టి చేస్తున్నారు. సూరయ్య గారు మోకాళ్ల దాకా బురదలో ఉన్నారు. చుట్టూ పదిమంది ఆడకూలీలు. గట్టు మీద నిలబడ్డాను.

"మేస్త్రీ గారూ, ఓపాలి గట్టు మీదికొస్తారేటి?"

"అక్కడినుంచే సెప్పండి. ఇనబడతాది."

"గట్టిగా సెప్పలేను."

"మీ అప్పగారు సెప్పీసినారు కదా, గట్టిగానే. ఇంకేటి మిగిలుంది?"

కూలీలందరూ తొక్కడం ఆపేశారు. నా మొహం మండిపోయింది. ఇంకో క్షణం ఆగి ఉంటే వెనక్కి తిరిగేదాన్ని.

"మా అప్ప లేసి మళ్లీ కూకుండిపోనాది. ఇప్పుడు అడ్డం నానే. నానూ తప్పుకుంటన్నాను. పదారో తారీకు సోమారం మీకు కాళీయేనా?" అన్నాను. అరిచాను అప్పా. రైల్వే గేటు కాదు, స్టేషను దాకా వినబడి ఉంటుంది.

ఆయన తన కాళ్లవైపు చూసుకున్నారు. "కాళ్లు కడుక్కోనిస్తారా, ఇలగే వొచ్చీమంటారా?" అన్నారు.

ఆడకూలీలు వేసిన కేకకి కొంగలు లేచిపోయాయి. ఒకామె, "కడుక్కోనియ్యమ్మా, సోమారం దాకా టయిముంది" అంది.

రేపు రెండో ప్రకటన. మా కాపరి గారి దగ్గరికి ఇద్దరం వెళ్లాం. ఆయన అన్నీ రాసుకొని, పెళ్లికూతురి చేయి పట్టుకొని తీసుకొచ్చి అప్పగించేది ఎవరు అని అడిగారు. నాన్న లేడు, అన్నదమ్ములు లేరు. మగవాళ్లు ఎవరూ లేకపోతే సంఘపెద్ద ఒకరిని పెడతాం అన్నారు. మా అప్ప ఉంది అన్నాను. ఆడమనిషి అప్పగించడం ఇక్కడ ఇంతవరకు లేదే అన్నారు కాపరి గారు. సూరయ్య గారు నోరు విప్పారు. "అయ్యగారూ, ఆమె లేసి ఒద్దంటే ఆపీసినారు కదా. ఆమె తెచ్చి ఇస్తానంటే ఎందుకు పుచ్చుకోరు?" అన్నారు. కాపరి గారు కాగితం మీద నీ పేరు రాసుకున్నారు.

చెయ్యవా అప్పా?

కుసుమ


కళింగపట్నం
11 ఫిబ్రవరి, బుధవారం

నా చెల్లి కుసుమకు,

చేస్తాను, చేస్తాను, చేస్తాను. ఇది మొదట రాసి తరవాత కూర్చున్నాను.

ఇప్పుడు అడగాల్సినవి. నేను నీకు కుడివైపు నడవాలా, ఎడమవైపా? చెప్పులు గుమ్మం దగ్గరే విప్పాలా? ఎవరు అప్పగిస్తున్నారు అని అడిగితే నేను అని ఊరుకోవాలా, పేరు కూడా చెప్పాలా? నేను నోరు తెరిస్తే పెళ్లి ఆగిపోతుందేమోనని జనం భయపడరా? అరుణశ్రీ గారు నాతో మా వరండాలో ఆ నడక సాధన చేయించింది. తులసి పెళ్లికూతురు. గంప నెత్తిన పెట్టుకొనే నడిచింది, దించమంటే దించలేదు. నాగబాబు పెళ్లికొడుకుగా నిలబడి నవ్వు ఆపుకోలేక రెండుసార్లు లోపలికి పోయాడు. వాడు శనివారం వేట మాని నన్ను బస్సులో తీసుకొస్తాడు. తులసి కూడా వస్తానంటోంది, ఆ రోజు రెండు పూటలూ గట్టిగా తింటానంటోంది. పాస్టరు గారు మూడో ప్రకటన ఇక్కడ ఆదివారం చదువుతారు. నేను ఉండను కాబట్టి ఆయన నిశ్చింతగా చదవొచ్చు.

ఈ ఉత్తరం ముందు వస్తుందో నేనే ముందు వస్తానో తెలీదు. అయినా రాయకుండా ఉండలేను.

ఒక్క మాట మీ కాపరి గారికి ముందే చెప్పి ఉంచు. సోమవారం పెళ్లి తరవాత ఆయనకి ఇంకేవైనా పనులుంటే మానుకోమను. నువ్వు పుట్టినప్పుడు నాకు పదకొండేళ్లు. నిన్ను ఎత్తుకొని ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లాలంటే భయంతో పరిగెత్తేదాన్ని, ఎక్కడ జారిపోతావో అని. నీ మొదటి పెళ్లికి నువ్వు నడిచిన నడక నేను చూడనే లేదు, అన్నం సరిపోతుందో లేదోనని వెనక పొయ్యి దగ్గరే ఉండిపోయాను. ఈసారి తొందరపడను. గుమ్మంలో నీ చేయి పట్టుకుంటాను. ఒక అడుగు వేస్తాను. ఆగి, ఆ తెల్లచీరలో నిన్ను తనివితీరా చూసుకుంటాను. అప్పుడు ఇంకో అడుగు. పాట పాడేవాళ్లు పాట అయిపోతే మళ్లీ మొదటినుంచి ఎత్తుకోనీ. మీ కాపరి గారు గడియారం చూసుకోనీ. సూరయ్య గారు అక్కడే నిలబడి చెమట తుడుచుకోనీ.

దేవుడిచ్చిన కాలాన్ని ఇంతకంటే బాగా వాడటం నాకు చేతకాదు.

మెల్లగా నడవబోతున్న
నీ అప్ప తవిటమ్మ